గణపతిదేవ చక్రవర్తియు దేవగిరి రాజులును

ఓరుగంటి కాకతీయ ప్రభువులలో మిక్కిలి దీర్ఘకాలము రాజ్యమేలినవాడు గణపతిదేవుడు. క్రీ. శ. 1199 మొదలు 1262 వరకు, అనగా 63 సంవత్సరములు, ఆయన యేలుబడి సాగెను. కొండలలోని చిన్న సీమగా నుండిన రాజ్యము ఆయన కాలముననే సముద్రతీరమును తాకినది. ఓరుగంటి కోట ఆయన కాలముననే బలపడినది. ఇంతటి ప్రభువు సింహాసనమునకు వచ్చిన త్రోవ మాత్రము సామాన్యమైనది కాదు. ఆయన శత్రురాజు చెరసాలనుండి వచ్చెను. ఆ చెర తలుపు తెరచినవాడు, ఆయన పెదతండ్రిని తండ్రిని యుద్ధములయందు పోగొట్టిన దేవగిరి యాదవవంశపు రాజైన జైతుగియే. పగవాడు విడిచిన కుర్రవాడు ఆ పగవాని పొరుగుననే రాజై, జీవితాంతము ఆ దిక్కున పోరు లేకుండ గడపెను. ఈ సంగతిని గ్రహింపనిదే గణపతిదేవుని చరిత్ర బోధపడదు.

కాకతీయులును దేవగిరి యాదవులును ఒకే యింటి నౌకరులుగా జీవితము ప్రారంభించినవారు. ఉభయులును కల్యాణపురమున వెలసిన పశ్చిమ చాళుక్య చక్రవర్తులకు సామంతులు. ఆ మహాసామ్రాజ్యము పండ్రెండవ శతాబ్ది నడుమ సడలిపోగా, సామంతులెల్లరు తమ తమ వంతు కొరకు పెనగులాడిరి. కాకతి రుద్రదేవుడు 1163 లో హనుమకొండ వేయిస్తంభముల గుడి కట్టించి, అందలి శాసనమున తన విజయములను స్వతంత్ర ప్రభువువలె చాటుకొనెను. పడమట యాదవ భిల్లముడు 1187 ప్రాంతమున దేవగిరిని రాజధానిగా చేసికొని చక్రవర్తియయ్యెను. నేడు మహారాష్ట్రమున దౌలతాబాదు కోటగా ప్రసిద్ధమైనది ఆ దేవగిరియే. దక్షిణమున హొయసల వీరబల్లాలుడు కృష్ణాతీరము దాక చేయి చాచుచుండెను. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ యీ ముగ్గురి చూపులు కలిసిన చోటు. ఇచ్చటి ప్రజలకు ఏ యేట ఏ రాజు సుంకరి వచ్చునో తెలియని దినములవి.

పంపకము తెగని దాయాదుల మధ్య వలె, పాలివారైన సామంతుల మధ్యనే వైరము మొలకెత్తెను. 1195 ప్రాంతమున యాదవ జైతుగి తెలుగుదేశము మీదికి నడచెను. ఆ యుద్ధమున రుద్రదేవుడు మరణించెను. ఆయనకు కుమారులు లేరు. తమ్ముడు మహాదేవుడు సింహాసన మెక్కి, అన్న చావునకు బదులు తీర్చుకొనవలెనని రెండు మూడేండ్లలోనే దేవగిరిమీదికి దండెత్తెను. పరాక్రమము కొదువలేదు గాని ఆలోచన చాలదయ్యెను. గెలుపుతో మదించియున్న శత్రువును వాని యింటనే తాకుటకు కొత్తగా రాజ్యమునకు వచ్చిన ప్రభువు సాహసింపదగునా? మహాదేవు డా పోరున నేలకొరిగెను. వెంట నున్న కుమారుడు గణపతి శత్రువులకు బందీగా చిక్కెను. తరువాత 63 ఏండ్లు రాజ్యము చేసినవాడు గనుక, ఆనాటి కాతడు చాల చిన్నవాడై యుండవలెను.

ఓరుగంటి స్థితి దిక్కులేనిదయ్యెను. వరుసగా ఇద్దరు రాజులు యుద్ధములలో పోయిరి. వారసుడు శత్రువు చేతిలో నుండెను. సామంతులు తలలెత్తిరి, పొరుగురాజులు పొలిమేరలు దాటిరి. అప్పుడు రాజ్యమును నిలిపినవాడు రేచర్ల రుద్రసేనాని. లేని రాజు పేరట పాలనమును నడిపి, తిరుగుబాటుదారులను అణచి, గద్దెను తాను ఆక్రమింపక ఖాళీగా కాపాడిన పుణ్యు డాతడు. ఆ సేన, ఆ కోశము చేతిలో నుండగా తానే రాజునని చాటుకొనిన సేనానులు చరిత్రలో పెక్కుమంది కలరు. 1213 లో ఆతడు పాలంపేటలో కట్టించిన రుద్రేశ్వరాలయమే నేడు రామప్ప గుడియని లోకమెరిగినది. 2021 లో అది ప్రపంచ వారసత్వ సంపదలలో చేర్చబడెను. గుడి చూడబోయిన యాత్రికులు నల్లరాతి నర్తకీమణులను చూచి మురిసి వచ్చెదరు. అచ్చటి శాసనమును గూడ ఒకమారు నిలిచి చూడవలెను. శిల్పము కంటె ముందు ఆ సేనాని చేసిన పని అందు కానవచ్చును.

దేవగిరి చెరలో గణపతి యెట్లుండెనో చెప్పు శాసనములు లేవు. విడుదల సంగతి మాత్రము యాదవుల వ్రాతలలోనే కలదు. యాదవ మహాదేవునకును రామచంద్రునకును మంత్రియైన హేమాద్రి తన గ్రంథమున చేర్చిన రాజప్రశస్తిలో, జైతుగి త్రిలింగరాజును సమరయజ్ఞమున పశువును చేసెననియు, చెరనుండి గణపతిని విడిపించి రాజుగా నిలిపెననియు కొనియాడెను. పరుల రాజ్యమును తీసికొనుటయు తానే, తిరిగి యిచ్చుటయు తానే యని ఆశ్రితులు పొగడుట ఆశ్చర్యము కాదు. అది దయయే యైనను, దయ వెనుక లెక్క యొకటి లేకపోలేదు. తెలుగుదేశమును గెలుచుట జైతుగికి సాధ్యమైనది. నిలుపుకొనుట సాధ్యము కాలేదు. రేచర్ల రుద్రుని వంటివారు ఎదురు నిలిచియుండిరి. దక్షిణమున వీరబల్లాలుడు యాదవులను సొరటూరు వద్ద ఒకమారు చావగొట్టియుండెను. తూర్పు పొలిమేరలో అరాచక మున్నయెడల ఆ మంట తన యింటికిని తాకును. దానికంటె తన చేతి చలువ నెరిగిన రాజొకడు అక్కడ నుండుట మేలు. జైతుగి మంచి రాజనీతిజ్ఞుడని యొప్పుకొనవలెను. బందీని చంపి యుండినచో అతనికి మిగులునది ఒక తల. విడిచినందున ఆతని వంశమునకు అరువదియేండ్ల నెమ్మది మిగిలెను.

1199 సంవత్సరాంతమునకు గణపతిదేవుడు రాజుగా నుండెనని మంథెన శాసనము వలన తెలియుచున్నది. రుద్రసేనాని కాపాడియుంచిన గద్దె ఆయనకు దక్కెను. సామాన్యుడైనచో కొన్నియేండ్లు బలము కూడగట్టుకొని తండ్రిచావునకు పగ తీర్చుకొనుటకు పడమటికి కదలియుండును. తండ్రి చేసిన పని యదియే. దాని ఫలమును ఈతడు చెరలో ననుభవించియుండెను. గణపతి ముఖమును తూర్పునకు త్రిప్పెను. 1201 నాటికి ఆయన సేనలు బెజవాడలో నుండెను. వెలనాటి ప్రభువుల బలము క్షీణించియుండిన సమయమది. పిమ్మట కృష్ణానది సముద్రమున కలియుచోట నున్న దివిసీమ వశమయ్యెను. ఆ దండయాత్రలో మల్యాల చౌండసేనాని పేరుకెక్కెను.

దివిసీమలో గణపతి చేసిన పనిలో ఆయన స్వభావము కనబడును. అక్కడి అయ్యవంశపు ప్రభువు పిన్నచోడుడు ఓడిపోయెను. గణపతి ఆ సీమను దోచి వదలలేదు, ప్రభువు వంశమును పెరికివేయలేదు. పిన్నచోడుని కుమార్తెలు నారాంబను పేరాంబను వివాహమాడెను. వారి తమ్ముడు జాయపను వెంట తెచ్చి పెంచి, విద్యలు చెప్పించి, గజసేనకు అధిపతిని చేసెను. ఓడినవాని కుమారుని చేరదీసి అధికారమిచ్చి పంపుట యెట్టిదో ఆయనకు వేరొకరు చెప్పవలసిన పని లేదు. ఆ జాయపసేనానియే తరువాత 1253 ప్రాంతమున నృత్తరత్నావళి యను నాట్యశాస్త్ర గ్రంథమును సంస్కృతమున రచించెను. మార్గనృత్యముతో పాటు దేశినృత్యమును గూడ విరివిగా వివరించిన గ్రంథమది. కోలాటము వంటి జనుల ఆటలకు శాస్త్రగ్రంథమున చోటు దొరకుట విశేషము.

దేవగిరియందును ఇట్టి విద్యాపోషణయే సాగుచుండెను. జైతుగి మహాగణితవేత్త భాస్కరాచార్యుని కుమారుడైన లక్ష్మీధరుని పిలిపించి ఆస్థానపండితునిగా చేసికొనెను. ఆతని కుమారుడు సింఘణుని కొలువులో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమును రచించెను. సంగీతమునకు అటువైపున, నృత్తమునకు ఇటువైపున, ఇంచుమించు ఒకే తరమున రెండు రత్నములు వెలువడినవి. సరిహద్దున సేనలు కాచుకొని కూర్చుండిన కాలమున ఇట్టి పనులు సాగుట కష్టము.

ఇరుపక్షముల ప్రశస్తులను చదివినచో వేరు చిత్రము కనబడును. సింఘణుని కవులు తెలుగురాజును ఆయన గెలిచిన రాజులలో చేర్చిరి. గణపతి పక్షపు శాసనకర్తలు సేవుణరాజును, అనగా యాదవుని, తమ ప్రభువు జయించిన వారి పట్టికలో వ్రాసిరి. పట్టిక లిట్లుండుట ఆనాటి మర్యాద. గణపతి ఓరుగంటినుండి దేవగిరిమీదికి నడచినట్లు గాని, సింఘణుడు ఓరుగంటిని ముట్టడించినట్లు గాని చెప్పదగిన మహాయుద్ధము మాత్రము కానరాదు. సింఘణుడు దాదాపు 1246 వరకు రాజ్యము చేసెను. ఆతని బలమంతయు గూర్జర మాళవముల మీదను, హొయసలుల మీదను వినియోగింపబడెను. గణపతి బలమంతయు తీరము మీదను దక్షిణము మీదను వినియోగింపబడెను. ఒకరి వెన్ను నొకరు కాచిరని చెప్పుట యతిశయోక్తి యగును. ఒకరి వెన్నున నొకరు పొడవలేదు. రాజుల నడుమ అంతమాత్రమే చాలును.

గణపతి యితర విజయములు పెక్కు. నెల్లూరున మనుమసిద్ధి దాయాదుల వలన రాజ్యము కోల్పోగా, ఆతని పక్షమున తిక్కన సోమయాజి ఓరుగంటికి వచ్చి గణపతిదేవుని సాయమర్థించెనని సిద్ధేశ్వర చరిత్ర చెప్పుచున్నది. కాకతీయ సేనలు నెల్లూరునకు పోయి మనుమసిద్ధిని తిరిగి గద్దెపై నిలిపెను. మహాభారతమును తెలుగున పూర్తి చేయుటకు కవికి నెమ్మది దొరకుటలో ఓరుగంటి సేనల పాలును కొంత కలదన్నమాట. 1249 నాటికి ఆయన మంత్రి సామంతభోజుడు కంచి ఏకామ్రనాథునకు దానము చేయగల స్థితి యేర్పడెను.

ఇన్నిటిలోను గణపతిదేవుని పేరును శాశ్వతము చేసినది యుద్ధము కాదు. శకసంవత్సరము 1166 న, అనగా 1244-45 లో, మోటుపల్లి రేవునందు ఆయన వేయించిన అభయశాసనము. మోటుపల్లి నేటి బాపట్ల జిల్లాలోని పల్లెటూరు. ఆనాడది దూరదేశములకు ఓడలు పోవు రేవు. పూర్వరాజుల కాలమున అక్కడొక దుర్నయ ముండెడిది. ఒక దేశమునుండి మరియొక దేశమునకు పోవు ఓడ తుపానునకు చిక్కి, విరిగి, పోరాని తీరమునకు కొట్టుకొనివచ్చినచో, అందలి బంగారము, ఏనుగులు, గుర్రములు, రత్నములు సమస్తమును రాజభటులు లాగుకొనెడివారు. సముద్రము వదలిన దానిని రాజు వదలెడివాడు కాడు. గణపతిదేవుడు ఆ యాచారమును రద్దు చేసెను. ప్రాణముకంటె ధనమే యెక్కువ యని తలచి సముద్రము నీదివచ్చు వర్తకుల మీద కనికరముతో, కీర్తి కొరకును ధర్మము కొరకును, నిర్ణయించిన సుంకము తప్ప వేరేమియు తీసికొనబోమని ప్రకటించెను. ఎగుమతి దిగుమతి సరకులపై సుంకము ముప్పదింట ఒకవంతు. చందనము, కర్పూరము, ముత్యములు, దంతములు, పట్టు, మిరియములు మున్నగువానికి ఇంతింత యని వేరువేరుగా లెక్క వ్రాయబడెను. వ్రాసినది తాటాకుపై కాదు. దేవాలయపు రాతిస్తంభముపై చెక్కించెను. భటుడు తనిష్టము వచ్చినట్లు అడిగినచో వర్తకుడు వ్రేలు చూపి చెప్పుకొనుటకు ఆధారము నిలిచెను.

ఒడ్డునకు కొట్టుకొని వచ్చినవాడు పరుల యధీనమున నుండును. వానియొద్ద నున్నదంతయు తీసికొనవచ్చును, తీసికొనక విడువవచ్చును. చిన్ననాట తాను అట్టి స్థితిలో నుండిన రాజు ఈ శాసనమును వేయించెను. శాసనమున ఆ ప్రస్తావన లేదు. ఉండవలసిన పనియు లేదు.

ఈ వర్తకపు వృద్ధి వలన వచ్చిన ధనము చెరువులుగా మారెను. పాఖాల చెరువు ఆయన యధికారి కుమారుడు జగదాల ముమ్మడి త్రవ్వించినది. రామప్ప చెరువు రేచర్లవారిది. బయ్యారమున పెద్ద చెరువును రాజు సోదరి మైలాంబ త్రవ్వించి, అందు వేయించిన శాసనమున కాకతీయుల వంశవృక్షమును వ్రాయించెను. ఆడపడుచు చెరువుగట్టున పుట్టింటి చరిత్ర వ్రాయించినందుననే ఆ వంశపు తొలితరముల పేర్లు లోకమునకు దక్కినవి. కాకతీయుల కాలమున రైతుల, వర్తకుల, పామరజనుల జీవిత మెట్లుండెనో తెలిసికొనగోరువారు ఆంధ్రుల సాంఘిక చరిత్రమును గ్రంథాలయపు బీరువానుండి తీయించుకొని చదువదగును. దానిని రచించిన సురవరము ప్రతాపరెడ్డి మానవపాడు ప్రాంతమునకే చెందిన బోరవెల్లిలో 1896 లో జన్మించినవాడు. 1955 లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగునకిచ్చిన తొలి బహుమానము ఆ గ్రంథమునకే వచ్చెను.

గణపతిదేవునకు పుత్రసంతానము లేదు. కుమార్తె గణపాంబను ధరణికోట కోటవంశపు బేతరాజున కిచ్చెను. మరియొక కుమార్తె రుద్రాంబకు రుద్రదేవ మహారాజను పురుషనామము పెట్టి, రాజ్యకార్యములు నేర్పి, తనతోపాటు పాలనమున నిలిపెను. ఆమెను నిడదవోలు చాళుక్య వీరభద్రున కిచ్చి వివాహము చేసెను. అల్లుని రాజును చేయక కూతునే చేయుట ఆనాటి సామంతులకు మింగుడుపడలేదు. ఇంతలో దక్షిణమున పాండ్యరాజు జటావర్మ సుందరుడు దండెత్తి వచ్చి, ముత్తుకూరు పోరున కాకతీయ సేనలను ఓడించి నెల్లూరు నాక్రమించెను. అరువదియేండ్లు విజయములే యెరిగిన వృద్ధరాజునకు చివర చేదు మిగిలెను. ఆ తరువాత ఆయన రాజ్యభారమును కుమార్తెకు వదలెను.

దేవగిరియందు తరములు మారెను. జైతుగి లేడు, సింఘణుడు లేడు. 1260 ప్రాంతమున గద్దె నెక్కిన యాదవ మహాదేవునకు, చెరతలుపు తెరచిన నాటి సంగతి కవుల ప్రశస్తిలో మాత్రమే మిగిలెను. ఓరుగంట స్త్రీ రాజ్యమేలుచున్నదని విని ఆతడు కాకతీయరాజ్యముపై పడెను. పర్యవసానమును రెండు పక్షములు రెండు విధముల చెప్పినవి. ఆడుదానిని చంపుట పాపమని తన రాజు రుద్రమను విడిచెనని హేమాద్రి వ్రాసెను. రుద్రమ పదునైదు దినములు పోరి, యాదవుని దేవగిరి దాక తరిమి, కోటి సువర్ణములును గుర్రములును పుచ్చుకొనెనని ప్రతాపచరిత్రము చెప్పుచున్నది. కోటి యను లెక్కను నమ్మవలసిన పని లేదు. అయినను కైకలూరు సీమలోని రాచపట్నమున భూమిలో దొరకిన బంగారు నాణెములు యాదవరాజులవి. యాదవుల బీదరు కోటలో రుద్రమదేవి శాసనభాగము కనబడినది. విడిచిపెట్టబడిన రాణికి శత్రువు కోటలో శాసనము వేయించు నవకాశము రాదు. ముత్తాత విడిచిన మాట నిజము, మునిమనుమడు విడిచెనన్న మాట మాత్రము నిజము కాజాలదు.

అచ్చటితో ఉభయవంశముల శాంతి ముగిసెను. పొలిమేరలు మరల కదలెను. కృష్ణకు ఉత్తరపుదరిని, నేటి నాగరుకర్నూలు జిల్లాలోని వర్ధమానపురము రాజధానిగా గోనవంశపు రెడ్లు కాకతీయులకు సామంతులై యుండిరి. తెలుగున ద్విపదరామాయణము ఈ వంశపు గోన బుద్ధారెడ్డి పేరట వెలసినది. ఆతని కుమార్తె కుప్పాంబిక బూదపూరు శాసనము వలన తొలి తెలుగు కవయిత్రులలో లెక్కకు వచ్చుచున్నది. ఆ వంశపు గోన గన్నారెడ్డి, గణపతిదేవుని దౌహిత్రికి కుమారుడైన ప్రతాపరుద్రుని కాలమున, నదిని దాటి పడమటికి సాగెను. ఆతని కొలువులోని విఠలనాథుడు యాదవుల యధీనమున నున్న ఆదవాని, తుంబళము, మానువ, హాలువ కోటలను పట్టుకొని రాయచూరు చేరెను. గణపతిదేవుడు తాకక విడిచిన పడమటి హద్దు ఆ యేట చెరిగిపోయెను.

విఠలనాథుడు రాయచూరునకు రాతికోట కట్టించి, శకసంవత్సరము 1216 న, అనగా 1294 లో, ఒక మహాశిలపై తెలుగు శాసనము చెక్కించెను. దాదాపు నలువది యడుగుల పొడవున్న ఆ బండ నేటికిని కోటగోడలో నున్నది. శాసనము ప్రక్కనే ఆ బండను బండిపై కెత్తి, దున్నపోతుల వరుసలు కట్టి లాగించుచున్న చిత్రమును గీటించిరి. గాలికి వానకు కొంత అరిగినను, పోతుల వరుసయు, బండిచక్రములును, వెనుకనుండి తోలుచున్న మనుష్యులును ఇప్పటికిని గుర్తుపట్టుటకు వీలుగనే యున్నవి.